జాలీది కాదు తప్పు, ముక్కుది

(పాత బండ్ల మీద పాఠకుల ప్రశ్నలు, బాబాయ్ జవాబులు)

ప్రశ్న: బాబాయ్ గారూ, మేం ప్లేనోలో ఉంటాం. పోయిన దసరాకి 1972 షెవ్రొలే సి-10 పికప్ కొన్నాను. షయెన్ మోడల్, 350 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, రంగు మాత్రం ఎండకి వెలిసిపోయింది. ముందు జాలీలోని నల్ల ప్లాస్టిక్ రెండు చోట్ల విరిగి ఉంటే ఆన్‌లైన్‌లో బిల్లెట్ అల్యూమినియం ఇన్సర్ట్ (అల్యూమినియం దిమ్మని కోసి చేసిన, చట్రం లోపల కూర్చునే జాలీ ముక్క) తెప్పించాను. ఎడమవైపు చక్కగా కూర్చుంటోంది. కుడివైపు పైమూల మాత్రం పావు అంగుళం లేచి ఉంటోంది, అక్కడి స్క్రూ బెజ్జాలు కలవడం లేదు. అమ్మినవాళ్లేమో మా సరుకు సరైనదే అంటున్నారు. తెలిసినాయన ఒకరు "గ్రైండర్ పెట్టి కుడి అంచు కోసెయ్, వెనకున్న పాత ప్లాస్టిక్ కూడా కోసి అవతల పారెయ్" అంటున్నారు. కొయ్యమంటారా?
– ఒక పాఠకుడు, ప్లేనో, టెక్సస్

జవాబు: కొయ్యకు నాయనా. ముందు ఆ గ్రైండర్ ప్లగ్గు పీకెయ్. వీలైతే ఆ తెలిసినాయన్ని కూడా ఓ వారం రోజులు షెడ్డు వైపు రానివ్వకు.

నువ్వు పంపిన ఫొటోలన్నీ జాలీవే. నాకు పనికొచ్చింది మాత్రం అందరూ వదిలేసే నాలుగో ఫొటో. అందులో బానెట్టుకీ కుడి ఫెండర్‌కీ మధ్య సందు కనబడుతోంది. అద్దం దగ్గర వేలిగోరు కూడా దూరనంత ఇరుకు, దీపం దగ్గరికొచ్చేసరికి వేలు పట్టేంత వెడల్పు. ఎడమవైపు సందు మొదట్నుంచి చివరిదాకా ఒకటే తీరు. అంటే నీ బండి ముక్కు కుడివైపుకి వాలింది. వాలిన గుమ్మానికి తిన్నని తలుపు బిగిస్తే ఏమవుతుందో నీ ఇన్సర్ట్‌కీ అదే అవుతోంది.

అయినా ముందు ఒక అనుమానం తీర్చుకుందాం. 1967 నుంచి 1972 దాకా షెవ్రొలే పికప్పులన్నీ ఒక తరం కిందే లెక్క. ముఖాలు మాత్రం మూడు రకాలు. 1969-70 బండికి జాలీ మధ్యలో అడ్డంగా అల్యూమినియం పట్టీ, దాని మీద కంపెనీ పేరు అక్షరాలు ఉంటాయి. 1971-72 దానికి గుడ్ల అట్టలాగా గళ్లు గళ్లుగా ఉండి, నడుమ షెవ్రొలే వాళ్ల బో-టై గుర్తు ఉంటుంది. మీద అల్యూమినియం చట్రం, లోపల ప్లాస్టిక్ ఇన్సర్ట్, ఇవి రెండూ వేరువేరు ముక్కలు. "69 నుంచి 72 దాకా సరిపోతుంది" అని డబ్బా మీద అచ్చేసి అమ్మేస్తుంటారు, అది చూసి మోసపోయినవాళ్లు బోలెడుమంది. నీ చట్రంలో గళ్ల ప్లాస్టిక్ ఉండి, కొత్తది ఎడమవైపు అంత చక్కగా కూర్చుందంటే సరైన ఏడాదిదే వచ్చింది. అమ్మినవాళ్లు ఈసారికి నిజమే చెప్పారు.

ఇక ముక్కు సంగతి. నాకు ఇది పుస్తకంలో తెలిసింది కాదు. విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామకి లారీ బాడీ షెడ్డు ఉండేది. కాలేజీ ఎగ్గొట్టి అక్కడే తిరిగేవాణ్ణి. క్యాబిన్‌కి తలుపు ఎక్కించే ముందు మామయ్య సుత్తీ పట్టడు, పానా పట్టడు. జేబులోంచి పురికొస తీసి, ఈ మూల నుంచి ఆ మూలకి, మళ్లీ ఆ మూల నుంచి ఈ మూలకి పట్టి చూస్తాడు. రెండు పొడవులూ ఒకటే అయితే సరే సరి. తేడా ఉంటే అది ఎన్ని నూలో చెప్పమని నన్నడుగుతాడు. అంగుళానికి ఎనిమిది నూలు అని వడ్రంగులకి, బాడీ కట్టేవాళ్లకి తప్ప ఇప్పుడెవరికీ తెలియదనుకుంటా. నేను రెండు నూలంటే, ఆయన మళ్లీ కొలిచి మూడని తేల్చి నెత్తిన ఒకటి మొట్టేవాడు.

ఇంత చదువు చదివి కూడా నేను 1996లో ఏం చేశానో చెబితే నవ్వుతావు. ఇర్వింగ్‌లో ఉండగా 1971 సి-10 కొన్నాను. నీలాగే బిల్లెట్ ఇన్సర్ట్ తెచ్చాను, నీలాగే కుడివైపు కలవలేదు. మర్నాడు పొద్దున్నే నలుగురితో కలిసి బండి వేసుకెళ్లాలి. తొందరలో ఆకురాయి తీసుకుని కుడి అంచు రెండు నూలు రాసేశాను. పాత ప్లాస్టిక్‌ని రంపంతో రెండు ముక్కలు చేసి చెత్త డబ్బాలో పడేశాను. సాయంత్రానికి జాలీ మెరుస్తోంది, నేనూ మెరుస్తున్నాను. రెండేళ్ల తర్వాత రేడియేటర్ కారుతుంటే ముందు భాగం విప్పి, పనిలో పనిగా కింద రబ్బర్లు మార్చాను. ముక్కు లేచి తన చోటికి తను వచ్చింది. దాంతో జాలీకి కుడి పక్క వేలు దూరేంత సందు పడింది. ఆ సందు ఇప్పటికీ అలాగే ఉంది. వేరేది కొనలేక కాదు, షెడ్డుకొచ్చి గ్రైండర్ అడిగినవాళ్లకి చూపించడానికి ఉంచాను.

ఆ రబ్బర్లు ఎక్కడుంటాయంటే, రేడియేటర్‌ని మోసే ఇనుప చట్రం ఒకటుంది, కోర్ సపోర్ట్ అంటారు. అది ఛాసిస్ మీద ఎడమన ఒకచోట, కుడిన ఒకచోట రెండు రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది. రెండు ఫెండర్ల ముందు భాగం, జాలీ, దీపాలు, బానెట్టు తాళం, అన్నీ దాన్ని పట్టుకునే ఉంటాయి. యాభై ఏళ్ల రబ్బరు ఎండకి, నూనెకి నలిగి పాత చెప్పు మడమలాగా ఒక పక్కకి అరుగుతుంది. నీ బండిలో కుడివైపే ఎందుకు దిగిందంటే, బ్యాటరీ ఉండేది ఆ పక్కే. ఏళ్ల తరబడి యాసిడ్ చుక్కలు కారి రబ్బరునీ, దాని చుట్టూ రేకునీ తినేస్తాయి. బ్యాటరీ తట్ట తీసి కింద స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడు. గుచ్చుకుంటే రబ్బరు మార్చినంత మాత్రాన సరిపోదు, అక్కడ కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. గట్టిగా టంగుమంటే అదృష్టవంతుడివి.

కొలత ఎలాగో చెప్తాను. జాలీ చట్రం విప్పాక కనపడే ఖాళీకి మూల నుంచి మూలకి రెండు పురికొసలు పట్టు. టేపు వద్దు, అది వంగి అబద్ధం చెబుతుంది. ఆ ఖాళీ కుడీ ఎడమా ఒకేలాగా చేసింది కాబట్టి రెండు కొసలూ సమానంగా రావాలి. ఒక నూలు తేడా ఉంటే ఆ ఫ్యాక్టరీలో పనివాడి చేతివాటం అనుకుని వదిలెయ్. రెండు దాటితే రబ్బర్ల పనే.

దీపాల చుట్టూ ఉన్న బెజెల్ విప్పేటప్పుడు ఒక్క జాగ్రత్త. 7 అంగుళాల గుండ్రటి దీపానికి పైన ఒకటి, పక్కన ఒకటి స్ప్రింగులున్న పొడుగు స్క్రూలుంటాయి. అవి బిగింపు స్క్రూలు కావు, దీపం గురి సరిచేసేవి. వాటిని తిప్పావంటే రాత్రిపూట రోడ్డు మీద కాకుండా చెట్ల మీద పిట్టల్ని చూసుకుంటూ నడపాలి.

రబ్బర్లు మార్చే ముందురోజు రాత్రే బోల్టులకి తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచు. మర్నాడు ఫెండర్ల బోల్టులన్నీ వదులు చెయ్, పూర్తిగా మాత్రం పీకకు. కోర్ సపోర్ట్ కింద అడ్డంగా మందపాటి చెక్క పెట్టి, దాని కింద జాకీ పెట్టి, రబ్బరు మీద బరువు పోయేంత వరకే మెల్లగా లేపు. ఇక్కడే చాలామంది ఒకటి మర్చిపోతారు. రేడియేటర్, దాని వెనక ఫ్యాను చుట్టూ ఉండే డొప్ప కోర్ సపోర్ట్‌తో పాటు పైకి లేస్తాయి. ఫ్యాను ఇంజిన్‌కి ఉంది కాబట్టి లేవదు. కొత్త రబ్బర్లు పడ్డాక ఫ్యాను రెక్కని చేత్తో ఒక చుట్టు తిప్పి, డొప్పకి ఎక్కడా తగలట్లేదని చూసుకున్నాకే తాళం తిప్పు. ఒకవైపు రబ్బరే మారిస్తే ముక్కు ఇటు నుంచి అటు వాలుతుంది, రెండూ మార్చు. పాలీయురేథేన్ దిమ్మలు కూడా దొరుకుతాయి, ఎక్కువకాలం ఉంటాయి, కాకపోతే గట్టివి కాబట్టి గతుకుల్లో ముందు రేకులన్నీ భజన చేస్తాయి. నేనైతే మామూలు రబ్బరే వేస్తాను. ఇంకా ఒకటి రెండు నూలు తక్కువైతే బిళ్లలు పెట్టి సరిచెయ్. బానెట్టు సందు రెండు పక్కలా సమానమయ్యాక ఫెండర్లు బిగించు.

అప్పుడు తియ్యి నీ కొత్త జాలీ. బండి మీద కాదు, బల్ల మీద తువ్వాలు పరిచి, అల్యూమినియం చట్రాన్ని బోర్లా పెట్టి, అక్కడే ఇన్సర్ట్ కూర్చోబెట్టు. బెజ్జాలన్నీ కలిశాయంటే ఇన్నాళ్లూ తిట్టిన జాలీకి క్షమాపణ చెప్పుకో. స్క్రూలన్నీ రెండేసి మరలు ఎక్కించి వదిలి, నడుమ నుంచి అంచులకి బిగించుకుంటూ రా. స్క్రూ స్టెయిన్‌లెస్ స్టీలు, జాలీ అల్యూమినియం. రెండు వేరు లోహాల మధ్య తడి చేరితే అల్యూమినియం తెల్లపొడి రాలుస్తుంది, ఆరేళ్ల తర్వాత స్క్రూ రమ్మన్నా రాదు. అందుకని ప్రతి స్క్రూకీ నైలాన్ వాషర్, మరలకి కాస్త గ్రీజు. బలం చూపించే చోటు కాదిది, చేత్తో బిగిసినంత చాలు. టెక్సస్‌లో ముందు నంబర్ ప్లేటు కూడా ఉండాలి కాబట్టి దాన్ని బంపర్‌కి బిగించుకో. జాలీ కమ్మీలకి ప్లాస్టిక్ పట్టీలతో కట్టినవాళ్లని చూశాను, వేలాడే పలకలా ఉంటుంది.

పాత ప్లాస్టిక్ సంగతి. విరిగినా దాచు. అది ఏబీఎస్ ప్లాస్టిక్. లెగో ముక్కలు కూడా అదే జాతి. మా మనవడు పారేసిన నల్ల లెగో ముక్కల్ని గాజుసీసాలో అసిటోన్ పోసి రాత్రంతా నానబెడితే మినప్పిండిలా అవుతుంది. విరిగిన చెవుల్ని ఆ పిండితో అతికించి, వెనక నుంచి ఇంకో పూత పూస్తే మళ్లీ ఏకమైపోతుంది. కిటికీలు తీసి, పొయ్యికి దూరంగా కూర్చుని చెయ్, అసిటోన్ ఊరికే అంటుకుంటుంది. ఆ ప్లాస్టిక్ విప్పడం కూడా ఎండలో అరగంట ఉంచాకే విప్పు. చల్లగా ఉన్నప్పుడు లాగితే అప్పడంలా విరుగుతుంది. రేపు నువ్వు బండి అమ్మితే, కొనేవాడు మెరిసే జాలీ వైపు ఒకసారి చూసి "ఒరిజినల్‌ది ఉందా?" అని అడుగుతాడు. నన్నడిగారు. లేదన్నాను. ఆ తర్వాత బేరం ఎలా నడిచిందో రాయను.

ప్రశ్న: అన్నయ్య గారూ, మావారి 1978 ఫోర్డ్ ఎఫ్-100 నేనే ఎక్కువ నడుపుతాను. పాత ఇన్సర్ట్ తీసి అల్లిన స్టీలు జాలీ (కన్ను 6 మిల్లీమీటర్లు, తీగ 2 మిల్లీమీటర్లు) పెట్టించాక హైవే మీద టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. ఊళ్లో సిగ్నళ్ల దగ్గర మామూలుగానే ఉంటోంది. పెట్టినవాళ్లు జాలీకీ దీనికీ సంబంధం లేదంటున్నారు.
– ఒక పాఠకురాలు, హ్యూస్టన్

జవాబు: సంబంధం ఉందమ్మా, జబ్బు ఏమిటో మీ ప్రశ్నలోనే ఉంది. సిగ్నల్ దగ్గర బండి నిలబడినప్పుడు గాలి లాగేది ఫ్యాను. అక్కడ వేడెక్కితే ఫ్యాను మీదో, దాని క్లచ్ మీదో, వెనక డొప్ప మీదో అనుమానపడాలి. హైవే మీద గాలి తనంతట తానే జాలీలోంచి దూసుకొస్తుంది. అక్కడే వేడెక్కుతోందంటే ఆ దారికి ఏదో అడ్డం పడుతోందన్నమాట.

మీ జాలీ కన్ను 6 మిల్లీమీటర్లు, తీగ మందం 2 మిల్లీమీటర్లు అని రాశారు. చిన్న లెక్క వేద్దాం. ఒక కన్నూ ఒక తీగా కలిపి 8 మిల్లీమీటర్లు, అందులో ఖాళీ 6. అడ్డంగా ముప్పావు వంతు, నిలువుగా ముప్పావు వంతు. రెండూ హెచ్చిస్తే ఖాళీ 56 శాతం. అంటే దాదాపు సగం గాలికి గోడ కట్టినట్టే. పై పాఠకుడి బిల్లెట్ లాంటిది అడ్డ కమ్మీలే కాబట్టి, 4 మిల్లీమీటర్ల కమ్మీకి 8 మిల్లీమీటర్ల సందున్నా 67 శాతం ఖాళీ ఉంటుంది. చూడ్డానికి వల పల్చగా, కమ్మీలు మందంగా కనబడతాయి. కంటికి కనబడేది వేరు, గాలికి తెలిసేది వేరు.

నమ్మకం కుదరకపోతే ఆ జాలీ విప్పి, అదే రోడ్డు మీద, అదే వేళకి, అదే స్పీడులో ఒకసారి వెళ్లి రండి. ముల్లు దిగితే వాళ్లకి చూపించండి. దిగకపోతే నా మాట వెనక్కి తీసుకుంటాను, రేడియేటర్ లోపల పూడిక చూపించండి. ఇంకొకటి, జాలీ మార్చేటప్పుడు రేడియేటర్ పైనా పక్కలా ఉండే పట్టీలు, రబ్బరు అంచులు తీసి మళ్లీ పెట్టకుండా వదిలేస్తుంటారు. అవి లేకపోతే గాలి రేడియేటర్లోంచి వెళ్లకుండా పక్కనుంచి తప్పించుకుపోతుంది. ముందు అవున్నాయో లేవో వంగి చూడండి, పైసా ఖర్చు లేదు. వల అందమే కావాలనుకుంటే కన్ను 12 మిల్లీమీటర్లు, తీగ 2 మిల్లీమీటర్లు ఉన్నది అడగండి. అప్పుడు ఖాళీ 73 శాతం దాటుతుంది. ఇంకేం మార్చకుండానే ఆగస్టు హ్యూస్టన్ ఎండలో ట్రైలర్ లాగొచ్చని మాత్రం నేననను.

ప్రశ్న: పాత జాలీ చట్రం మబ్బు పట్టినట్టుంటే అల్యూమినియం పాలిష్ రుద్దాను. ఒకచోట మెరిసింది, ఒకచోట ఇంకా తెల్లబడింది. ఎందుకు?
– అట్లాంటా నుంచి

జవాబు: మీరు రుద్దింది అల్యూమినియాన్ని కాదు, దాని మీద కాపుగా కరెంటుతో పట్టించిన ఆనోడైజింగ్ పొరని. ఆ పొర గాజులా గట్టిది, పల్చనిది. అరిగిపోయినచోట లోహం మెరిసింది, మిగిలినచోట పొర గీతలు పడి తెల్లబడింది. ఇక సగంలో ఆపలేరు, పొర మొత్తం తీసెయ్యాలి. కాస్టిక్ సోడా ఉన్న ఓవెన్ క్లీనర్‌తో వస్తుంది. చట్రం విప్పి, ప్లాస్టిక్ ముక్కలన్నీ తీసి, ఆరుబయట, చేతులకి రబ్బరు తొడుగులు, కళ్లకి అద్దాలు పెట్టుకుని చెయ్యండి. నురగ వస్తుంటే కాపలా ఉండి, పొర పోగానే నీళ్లతో కడిగెయ్యాలి. ఫోన్ మాట్లాడుతూ మర్చిపోతే లోహాన్నే తినేస్తుంది. ఆపైన 400 నుంచి 1000 దాకా నంబర్ల వారీగా ఉప్పు కాగితం, ఆఖరున పాలిష్. ఇక ఆ లోహానికి ఒంటిమీద బట్ట లేనట్టే, నెలకోసారి మైనం రాయకపోతే మళ్లీ మసకేస్తుంది. అంత ఓపిక లేకపోతే ఆనోడైజింగ్ మళ్లీ చేయించండి, నేనైతే అదే చేస్తాను.

ప్రశ్న: పాలిష్ చేసిన బిల్లెట్ జాలీకి గుళ్లో వాహన పూజ చేయించాం. పసుపు, కుంకుమ, నిమ్మకాయల దండ. రెండు రోజులుంచి తీస్తే మచ్చలు. మా అత్తగారు దిష్టి పోయింది అంటున్నారు, మావాడు జాలీ పోయింది అంటున్నాడు.
– న్యూజెర్సీ

జవాబు: ఇద్దరూ నిజమే చెప్పారు. నిమ్మరసంలో పులుపుంది, పూత లేని అల్యూమినియం దానికి ఓర్చుకోలేదు. రసం కారినచోట మసకబారుతుంది, పసుపు ఆ మసకలో చేరి కూర్చుంటుంది. సబ్బునీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో అల్యూమినియం పాలిష్ రుద్దండి, కొత్త మచ్చ కాబట్టి పోతుంది. జాలీ మీద ఆనోడైజింగో, క్లియర్ కోటో ఉంటే మాత్రం పాలిష్ జోలికి పోవద్దు, సబ్బుతోనే ఆగండి. ఈసారి బొట్టు బానెట్టు మీద పెట్టించండి, దండ బంపర్‌కి కట్టండి. మా ఆటోనగర్ లారీలకి నిమ్మకాయలు కట్టేదీ బంపర్‌కే. చక్రాల కింద నిమ్మకాయలకి నా అభ్యంతరమేమీ లేదు, మీ అత్తగారికి చెప్పండి.